పదకొండు, పదకొండు-ఎ

మా కాలేజీలో తొమ్మిదో నంబరు గది తలుపు మీద ఒక నియమావళి అంటించి ఉండేది. మొత్తం పద్దెనిమిది నియమాలు. చరిత్ర అధ్యాపకులు డాక్టర్ దూసి పురుషోత్తం గారు వాటిని స్వయంగా రాసి, నా చేత మూడుసార్లు టైపు చేయించి, మూడుసార్లూ నచ్చక, నాలుగోసారి ఆయనే టైపు చేసుకుని అంటించారు. నేను ఆ కాలేజీ ఆఫీసులో రికార్డ్ అసిస్టెంటుని. పేరు బగాది సూరిబాబు. కాలేజీ ఏ ఊళ్లో ఉందో చెప్పను. శ్రీకాకుళం వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అనుకుంటే చాలు.

పురుషోత్తం గారిని ఆడిపోసుకునే ఉద్దేశం నాకు లేదు. ఇరవై రెండేళ్లలో ఆయన క్లాసు ఎగ్గొట్టిన రోజు లేదు. గంట కొట్టకముందే గది ముందు నిలబడతారు, గంట కొట్టాక గాని లోపల అడుగు పెట్టరు. ఆ నియమావళి రాసిన ఏడాది ఆయన క్లాసులో అరవై మూడు మంది ఉండేవారు. హాజరు పిలిస్తే అరవై మూడు మందికి డెబ్బై గొంతులు పలికేవి. కాబట్టి నియమాలు అవసరమే అయ్యాయి.

ఈ సంగతి జరిగిన ఏడాదికి లెక్క మారిపోయింది. చరిత్ర గ్రూపులో మొదటి సంవత్సరంలో ఎవరూ లేరు, రెండో సంవత్సరంలోనూ ఎవరూ లేరు. పిల్లలంతా కంప్యూటర్ గ్రూపుల్లోకి ఎగబడ్డారు. మూడో సంవత్సరం వాళ్లు చేరినప్పుడు పదకొండు మంది. వాళ్లలో నలుగురికి పెళ్లిళ్లయ్యాయి, ముగ్గురు గ్రూపు మార్చుకున్నారు, ముగ్గురు విశాఖపట్నం వెళ్లి సెక్యూరిటీ గార్డులయ్యారు. మిగిలింది ఒక్కతే. పేరు వంజరాపు గౌరీశ్వరి, రోల్ నంబరు పదకొండు.

గౌరీశ్వరి వాళ్లమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి పోతుంది. ఆ అమ్మాయి కోరిక ఒకటే, బీఎడ్ చేసి వాళ్ల ఊరి హైస్కూల్లో సోషల్ టీచరు కావడం. "మా బళ్లో ఐదేళ్లు సోషల్ మేస్టారు లేరు బాబాయ్. లెక్కల మేస్టారే ఆ పీరియడ్లో కూడా లెక్కలు సెప్పీసేవోరు. నాను పదో తరగతి ఎలగ పాసయ్యానో నాకే తెలీదు" అని నాతో చెప్పింది.

"ఒక్క పిల్లే కదండీ, నియమాలు కొంచెం సడలించకూడదా?" అని నేను ఒకసారి పురుషోత్తం గారిని అడిగాను.

"సూరిబాబుగారూ, తరగతి బలం మారుతుంది. నియమం మారదు. పైగా విద్యాసంవత్సరం మధ్యలో సవరణ చేయరాదని పద్దెనిమిదో నియమం" అన్నారాయన.

అందుకని అన్నీ యథావిధిగా జరిగాయి. ఉదయం పది గంటలకు ఆయన హాజరు పట్టీ తెరిచి "పదకొండు" అని పిలిచేవారు. "ప్రెజెంట్ మేస్టారూ" అని గౌరీశ్వరి లేచి నిలబడేది. ఒకరి బదులు ఇంకొకరు పలకడం నాలుగో నియమం ప్రకారం నేరం కనుక, ఆయన కళ్లద్దాలు సర్దుకుని, పలికింది ఆమేనా అని బెంచీలన్నీ ఒకసారి కలియజూసి, అప్పుడు 'పి' వేసేవారు. ముఠాలు కట్టకుండా ప్రతి సోమవారం సీట్లు మార్చాలని ఐదో నియమం. అంచేత ఆ పిల్ల ఒక వారం కిటికీ పక్కన, ఒక వారం గోడ పక్కన కూర్చునేది. చివరి బెంచీ వంతు వచ్చిన వారం ఆయన రెండుసార్లు పాఠం ఆపి, వెనక బెంచీల్లో గుసగుసలు తగవని హెచ్చరించారు. తరగతి ప్రతినిధి ఎన్నికకు నామినేషన్లు పిలిచి, ఉపసంహరణకు మూడు రోజులు గడువిచ్చారు. గౌరీశ్వరి ఏకగ్రీవంగా నెగ్గింది.

నవంబరులో పరిశీలక బృందం వస్తోందని కబురు వచ్చింది. కాలేజీలకు గ్రేడులిచ్చే బృందం అది. వాళ్లు పంపిన నమూనా పత్రంలో రెండు గడులున్నాయి. ప్రతి తరగతిలో స్లో లెర్నర్లు ఎందరు, అడ్వాన్స్‌డ్ లెర్నర్లు ఎందరు, వారి కోసం సంస్థ విడివిడిగా ఏం చేసింది అని.

మా ప్రిన్సిపాల్ డాక్టర్ ఇందుమతీదేవి గారు పురుషోత్తం గారిని పిలిపించారు. ఆమె ఇంట్లో కాఫీ అడిగినా తీర్మానం ప్రవేశపెట్టినట్టే అడుగుతారని వాళ్లాయనే నాతో అన్నారు.

"మీ విభాగానికి సంబంధించి రెండు గడులూ ఖాళీగా ఉన్నవి. ఇట్టి ఖాళీలు సంస్థ యొక్క సమగ్రాభివృద్ధికి అవరోధంగా పరిణమించగలవు" అన్నారామె.

"తరగతి సగటు కంటే ఎక్కువ వస్తే అడ్వాన్స్‌డ్, తక్కువ వస్తే స్లో. ఎనిమిదో నియమం. మొదటి ఇంటర్నల్‌లో గౌరీశ్వరికి ఇరవైకి పదహారు. తరగతి సగటు పదహారు. ఎక్కువా కాదు, తక్కువా కాదు" అన్నారు పురుషోత్తం గారు.

"అయినచో రెండు కేటగిరీలకూ సమాన ప్రాతినిధ్యం కల్పించండి."

మర్నాడు హాజరు పట్టీలో పదకొండు కింద ఇంకో వరస వెలిసింది. పదకొండు-ఎ, వంజరాపు గౌరీశ్వరి, స్లో లెర్నర్. పైన ఉన్న పదకొండు అడ్వాన్స్‌డ్ లెర్నర్ అయింది. చురుకైనవారు వెనకబడినవారికి రోజూ ఒక గంట చదువు చెప్పాలని కూడా నమూనా పత్రంలో ఉంది. అందుకని మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా గౌరీశ్వరి తొమ్మిదో గదిలో కూర్చుని తనను తాను ప్రశ్నలడిగి, తనే జవాబులు చెప్పుకునేది. పురుషోత్తం గారు పర్యవేక్షించేవారు. ఒకరోజు నేను ఫైలు పట్టుకుని వెళ్తే, "కొంచెం నెమ్మదిగా చెప్పమ్మా, ఆ అమ్మాయికి అందడం లేదు" అంటున్నారు.

"ఏటి బాబాయ్ ఇది? ఈ రెండో సంతకం ఎవుల్ది?" అని గౌరీశ్వరి రిజిస్టరు చూపించి అడిగింది.

"నీదే తల్లీ. కొంచెం వంకరగా పెట్టు, స్లో లెర్నర్ కదా" అన్నాను. అప్పటికి నాకూ నవ్వులాటగానే ఉంది.

బృందం వచ్చింది, రెండు వరసలూ చూసింది, ఇది ఉత్తమ ఆచరణ అని రాసి వెళ్లింది. ప్రిన్సిపాల్ గారు పై ఆఫీసుకు నివేదిక పంపారు. చరిత్ర విభాగంలో విద్యార్థుల సంఖ్య ఒకటి నుంచి రెండుకు పెరిగినదనీ, వృద్ధి నూటికి నూరు శాతమనీ అందులో ఉంది. టైపు చేసింది నేనే.

జనవరిలో జిల్లా కేంద్రంలో క్రమశిక్షణ వారోత్సవాలు పెట్టారు. ప్రతి తరగతి నుంచీ ఒక విద్యార్థిని విధిగా పంపవలెనని ఆదేశం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు సంతకం చేశారు, గౌరీశ్వరి బస్సెక్కింది. ఎర్రటి ఎండలో మూడు కిలోమీటర్లు ఊరేగింపులో నడిచింది. ఆ పిల్ల చేతికిచ్చిన అట్ట మీద 'హాజరే విజయానికి పునాది' అని రాసి ఉంది.

అదే రోజు ఇక్కడ రెండో ఇంటర్నల్ పరీక్ష. పురుషోత్తం గారు పది గంటలకు ప్రశ్నపత్రం కవరు చించి, ఖాళీ బెంచీల మధ్య గంటసేపు పహారా తిరిగి, పదకొండు గంటలకు కవరుకి మళ్లీ సీలు వేశారు. పదకొండూ రాలేదు, పదకొండు-ఎ కూడా రాలేదు. తరగతి మొత్తం రాకపోతే దాన్ని మూకుమ్మడి గైర్హాజరుగా పరిగణించి విచారణ జరపాలని ఏడో నియమం. ఆయన ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గారికి కాగితం పెట్టారు.

విచారణ ప్రిన్సిపాల్ గారి గదిలో. నన్ను బయటికి వెళ్లి విద్యార్థులకి చెప్పి రమ్మన్నారు.

"విద్యార్థుల తరఫున ఒక్కరు మాత్రమే లోపలికి రావాలట. మిగతావారు వరండాలో నిశ్శబ్దంగా ఉండాలట" అని నేను వరండాలోకి వెళ్లి చెప్పాను.

గౌరీశ్వరి వెనక్కి తిరిగి చూసింది. "మిగతావోళ్లు ఎవులు బాబాయ్?"

"ఏమో తల్లీ. నిశ్శబ్దంగానే ఉన్నారు కదా, నువ్వు పద."

లోపల ప్రిన్సిపాల్ గారు కాగితం చదివి తలెత్తారు. "ఈ మూకుమ్మడి చర్యకు మిమ్మల్ని ప్రేరేపించిన వ్యక్తులెవరు? నిర్భయంగా చెప్పవచ్చును."

"మీరే మేడం. ఊరేగింపుకి ఎల్లమని మీరే సంతకం పెట్టినారు."

"ఆదేశం వేరు, అనుమతి వేరు. నేను ఆదేశించితిని. అనుమతి మీరు పొందవలసి ఉండినది."

పురుషోత్తం గారు అందుకున్నారు. "అనుమతి దరఖాస్తు మూడు రోజుల ముందు తరగతి ప్రతినిధి ద్వారా రావాలి. ఆరో నియమం."

"తరగతి ప్రతినిధి నానే కదా మేస్టారూ."

"మరి మీ దరఖాస్తును మీ ప్రతినిధి ఎందుకు పంపలేదు?"

"నానివ్వలేదండి."

"ఇవ్వలేదు, అడిగి తీసుకోనూ లేదు. అంటే తప్పు ఇద్దరిదీ."

గౌరీశ్వరి నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

ఆ పిల్లకి కావలసింది ఒకటే, మళ్లీ పరీక్ష. రెండో ఇంటర్నల్ మార్కులు లేకపోతే హాల్‌టికెట్ రాదు. దానికి పన్నెండో నియమం అడ్డొచ్చింది. రాసినవాళ్లకి అన్యాయం జరగకూడదని, వాళ్లలో మూడింట రెండు వంతుల మంది అభ్యంతరం లేదని సంతకం చేస్తేనే రాయనివాళ్లకి మళ్లీ పరీక్ష.

"రాసినోళ్లు ఎవులూ లేరు కదా మేస్టారూ" అంది గౌరీశ్వరి.

"అందుకే సంతకాలు దొరకడం కష్టమంటున్నాను" అన్నారు పురుషోత్తం గారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అదే నాకు ఇంకా ఒళ్లు మండించింది.

బయటికొచ్చి ఆ పిల్ల ఆఫీసు మెట్ల మీద కూలబడింది. "ఈ ఏడుతో సరి అంది మా అమ్మ. ఆల్టికెట్ రాకపోతే రేపట్నుంచి నానూ జీడిపిక్కల దగ్గిర కూకోవాల. ఆ జీడి సొనకి మా అమ్మ సేతులు సూసినావా బాబాయ్ ఎలగున్నాయో?"

నేను చూశాను. వాళ్లమ్మ ఒకసారి సంతకం పెట్టడానికి ఆఫీసుకి వచ్చింది. వేలిముద్ర వేద్దామంటే వేళ్ల మీద గీతలే మిగల్లేదు. ఇరవై ఏళ్లుగా ఈ ఆఫీసులో కాగితాలు అటూ ఇటూ తిప్పి నేను ఎవరికేం ఒరగబెట్టానని నా మీద నాకే కోపం వచ్చింది. మధ్యాహ్నం లేచి వెళ్లి తొమ్మిదో గది తలుపు ముందు నిలబడి పద్దెనిమిది నియమాలూ చదివాను. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి.

తొమ్మిదో నియమం దగ్గర ఆగాను. అడ్వాన్స్‌డ్ లెర్నర్లు ఇంటర్నల్ పరీక్షకు బదులుగా ఒక దీర్ఘ వ్యాసం సమర్పించవచ్చు. నవంబరులో బృందానికి చూపించడానికని గౌరీశ్వరి చేత మా జిల్లా రైతు ఉద్యమాల మీద నలభై పేజీల వ్యాసం రాయించారు. అది బీరువాలోనే ఉంది.

వ్యాసం తీసుకెళ్లి పురుషోత్తం గారి బల్ల మీద పెట్టాను. ఆయన తొమ్మిదో నియమం రెండుసార్లు, పన్నెండోది ఒకసారి చదువుకున్నారు. మొహం విప్పారింది.

"అంటే పదకొండు పరీక్ష పూర్తి చేసినట్టే. చేయనిది పదకొండు-ఎ మాత్రమే. ఆమె మార్కులు కూడా వస్తే గాని తరగతి పట్టిక పూర్తి కాదు, అది పూర్తయితే గాని పదకొండు మార్కులు యూనివర్సిటీకి వెళ్లవు. కాబట్టి పూర్తి చేసినవారిలో మూడింట రెండు వంతుల మంది అంగీకారం కావాలి."

"పూర్తి చేసింది ఒక్కరే అండీ."

"ఒకటిలో మూడింట రెండు వంతులంటే సున్నా పాయింట్ ఆరు ఆరు. మనిషిని ముక్కలు చేయలేం కనుక ఒకటి. పిలవండి!"

గౌరీశ్వరి వచ్చి తెల్లకాగితం మీద రాసింది. 'పదకొండు-ఎ నెంబరు గల వంజరాపు గౌరీశ్వరి మరల పరీక్ష రాయుటకు నాకు ఎట్టి అభ్యంతరము లేదు. ఇట్లు, పదకొండు నెంబరు, వంజరాపు గౌరీశ్వరి.' వాళ్లిద్దరి మధ్య ఏ ఒత్తిడీ జరగలేదని పురుషోత్తం గారు విడిగా ధ్రువీకరించారు.

పరీక్ష అయింది. వ్యాసానికి పదకొండుకి పద్దెనిమిది వచ్చాయి. పరీక్షలో పదకొండు-ఎ కి పదిహేడు వచ్చాయి. ఇరవైకి పదిహేడంటే మా కాలేజీలో మేళతాళాలతో ఊరేగించవలసిన మార్కు. కాని పదిహేనో నియమం ఒకటుంది. తరగతిలో పైన పదోవంతుకి అత్యుత్తమ గ్రేడు, అడుగున పదోవంతు డిటెన్షన్, అంటే ఏడాది మళ్లీ చదవాలి. ఇద్దరిలో పదోవంతు సున్నా పాయింట్ రెండు. మళ్లీ మనిషిని ముక్కలు చేయలేం కనుక ఒకటి.

ఆ విధంగా గౌరీశ్వరి క్లాసు ఫస్టు వచ్చింది, గౌరీశ్వరి డిటెయిన్ అయింది.

యూనివర్సిటీకి పదకొండు-ఎ సంగతి తెలియదు కాబట్టి హాల్‌టికెట్ వచ్చింది. ఆ పిల్ల పరీక్షలు రాసింది, ఫస్టు క్లాసులో పాసైంది, బీఎడ్ ఎంట్రన్సులో సీటు కూడా తెచ్చుకుంది. వాళ్లమ్మ జీడిపప్పు పొట్లం కట్టుకుని వచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. కథ ఇక్కడితో కంచికి పోవలసింది.

కాలేజీ తెరిచిన రోజునే గౌరీశ్వరి టీసీ కోసం వచ్చింది. పదిహేను రోజుల్లో టీసీ ఇవ్వకపోతే బీఎడ్ సీటు ఇంకొకరికి పోతుంది. ప్రిన్సిపాల్ గారు హాజరు పట్టీ తెప్పించి చూశారు. మూడో సంవత్సరం చరిత్ర, మొత్తం ఒకటి. పదకొండు-ఎ, వంజరాపు గౌరీశ్వరి.

"పేరు హాజరు పట్టీలో ఉండగా టీసీ జారీ చేయడం విధానపరంగా అసాధ్యం" అన్నారు.

"అది కూడా నానే కదా మేడం. కొట్టీయండి."

"నమోదైన విద్యార్థిని తొలగించడం ఈ సంస్థ విధానం కాదు. మేము నమోదు పెంపు దిశగా పయనిస్తున్నాము."

అసలు సంగతి నాకు తెలుసు. ఆ ఒక్క పేరు పోతే చరిత్ర గ్రూపు మూతపడుతుంది. నూరు శాతం వృద్ధి అని పంపిన నివేదికకి జవాబు చెప్పుకోవాలి. పురుషోత్తం గారి పోస్టు ఎత్తేసి, ఆయన్ని కొండల మీద ఏజెన్సీ కాలేజీకి వేస్తారు. ఆయనకి రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. మోకాళ్లు అరిగిపోయి, మా కాలేజీ మెట్లే పక్కవాటంగా దిగుతారు.

నేను గౌరీశ్వరిని సైకిల్ స్టాండు దగ్గరికి తీసుకెళ్లి మూడో నియమం చెప్పాను. వరసగా పది పనిదినాలు ఎటువంటి సమాచారమూ లేకుండా రాని విద్యార్థి పేరును అధ్యాపకుడు మూడుసార్లు పిలిచి, కొట్టివేయాలి.

"ఇంక రాకు. ఫోను చెయ్యకు, ఉత్తరం రాయకు, ఎవరి చేతా కబురు పెట్టకు. నువ్వు ఏం అడిగినా అది సమాచారం కిందికి వస్తుంది. మళ్లీ ఒకటి నుంచి లెక్క" అన్నాను.

"మేస్టారు కొట్టీస్తారా బాబాయ్? కొట్టీస్తే ఆయన ఉద్యోగం సంగతేటి?"

"బస్సుకి టైమైంది, పద" అన్నాను.

రోజూ పది గంటలకి పురుషోత్తం గారు "పదకొండు-ఎ" అని పిలిచి, బెంచీలన్నీ కలియజూసి, 'ఎ' వేసి, గంటసేపు ఖాళీ గదికి పాఠం చెప్పేవారు. పాఠ్యప్రణాళిక ఆగరాదని పదో నియమం. ఆరో రోజున ప్రిన్సిపాల్ గారు ఆయన్ని పిలిచారు.

"ఒక్కనాడు 'పి' వేయండి. కేవలం ఒక్క అక్షరం. దానివల్ల ఒక విభాగం మనుగడ సాగించును. మీ మోకాళ్ల దృష్ట్యా కూడా అది శ్రేయస్కరం."

"లేని మనిషికి హాజరు వేస్తే నాలుగో నియమం ప్రకారం నేరం మేడం."

"ఆ నియమములు వ్రాసినది మీరే కదా?"

"అందుకేనండి" అన్నారాయన.

ఎనిమిదో రోజున ఆమె గౌరీశ్వరి ఫోన్ నంబరు కావాలని నన్ను అడిగారు. పిలిపించి గదిలో ఒక్క నిమిషం నిలబెడితే లెక్క మొదటికొస్తుంది. ఆ పిల్ల ఫైలు కనబడటం లేదన్నాను. ఇరవై ఏళ్ల సర్వీసులో నేను పోగొట్టిన ఫైలు అదొక్కటే. రెండు రోజులపాటు దాన్ని కుర్చీలో వేసుకుని దాని మీదే కూర్చున్నాను.

పదో రోజు పొద్దున్న గౌరీశ్వరి వచ్చేసింది. రావద్దన్నానని కోప్పడబోతే, "సివరి పిలుపు కదా బాబాయ్, బయట్నుంచే ఇని ఎల్లిపోతాను" అంది. వరండాలోకి తెరిచిన తొమ్మిదో గది తలుపు రెక్క చాటున గోడకి ఆనుకుని నిలబడింది. నేను గది లోపల కనిపించేలా వరండాలో స్తంభం దగ్గర నిలబడ్డాను.

గంట కొట్టారు. పురుషోత్తం గారు లోపలికి వెళ్లి పట్టీ తెరిచారు.

"పదకొండు-ఎ."

మూడేళ్ల అలవాటు మరి. గౌరీశ్వరి నోరు తెరిచేసింది. మరుక్షణం చున్నీ చెంగు నోట్లో కుక్కుకుంది.

"పదకొండు-ఎ."

తలుపు కింద సందులోంచి దాని చెప్పులు కనిపిస్తున్నాయి. పురుషోత్తం గారు వాటిని చూశారు. చూశారని నేను ప్రమాణం చేసి చెప్పగలను. గౌరీశ్వరికి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, రోజూ లాగే ఒక్కొక్క బెంచీనే కలియజూశారు.

"పదకొండు-ఎ" అని మూడోసారి పిలిచి, పెన్ను మూత తీశారు. తర్వాత స్కేలు పెట్టి ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశారు. పట్టీలో ఎవరూ లేరు కనుక పాఠం చెప్పలేదు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో పాఠం గాని పరీక్ష గాని జరగని పనిదినం అదే మొదటిది.

ఆయన బయటికొచ్చి గౌరీశ్వరిని చూశారు.

"ఎవరమ్మా మీరు? బయటివారు తరగతి వరండాలో నిలబడరాదు. పదహారో నియమం."

"ఎల్లిపోతాను మేస్టారూ."

"బీఎడ్‌లో హాజరు గట్టిగా చూస్తారట. జాగ్రత్త" అని కదిలారు.

టీసీ నేను అరగంటలో టైపు చేశాను. గ్రూపు మూసివేత ఉత్తర్వు, ఆయన బదిలీ ఉత్తర్వు నెల తిరక్కుండా ఒకే కవరులో వచ్చాయి. అది తర్వాతి మాట. ఆ పూట మాత్రం ఆయన మెట్లు దిగుతుంటే మూడో మెట్టు మీద మోకాలు పట్టేసింది. గౌరీశ్వరి పరుగున వెళ్లి చెయ్యి అందించింది. ఆయన ఆ మెట్టు మీదే ఆగి, కళ్లు మూసుకుని, పద్దెనిమిది నియమాలూ మనసులో ఒకసారి చదువుకున్నట్టున్నారు. అందులో దీనికి అడ్డుచెప్పేది ఏదీ లేదు. అప్పుడు ఆ చెయ్యి పట్టుకుని దిగారు.